2023 నటుల గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

2023లో సెన్సారైన చిత్రాలకు జాతీయ పురస్కారాలను 2025 ఆగస్టు 1న ప్రకటించడంతో ఆ ఏటి నటనకు సంబంధించిన లెక్కలన్నీ ఇంచుమించు తేలిపోయాయి. ఆస్కార్లు 2024 మార్చిలోనూ, కేరళ రాష్ట్ర పురస్కారాలు అదే ఏడాది ఆగస్టులోనూ వచ్చేశాయి. టెలివిజన్ రంగానికి ఇచ్చే ఎమ్మీలు మాత్రం హాలీవుడ్ సమ్మె వల్ల వెనక్కి జరిగి, 2024లో రెండుసార్లు జరిగాయి. జాతీయ పురస్కారాల ప్రకటన తరవాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువభాగం నటుల గురించే ఉన్నాయి కనుక, ఈ సంచికలో మిగతా ప్రశ్నలను ఆపి, వాటికే జవాబులు ఇస్తున్నాను. నటీమణుల గురించి అడిగినవారు అన్యథా భావించవద్దు. వారి ప్రశ్నలకు విడిగా చోటు కేటాయించాలన్నదే నా ఉద్దేశం.

ప్రశ్న: ఉత్తమ నటుడి జాతీయ పురస్కారాన్ని ‘జవాన్’ చిత్రానికి షారుఖ్ ఖాన్‌కూ, ‘ట్వెల్త్ ఫెయిల్’ చిత్రానికి విక్రాంత్ మాస్సేకూ కలిపి ఇచ్చారు. ఇది న్యాయమా, ఇద్దరినీ సంతోషపెట్టే సర్దుబాటా?

జవాబు: సర్దుబాటు అన్న మాట కొంచెం కటువుగానే ఉన్నా, దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. 1992లో వెండితెరకు వచ్చిన షారుఖ్‌కు ఇదే తొలి జాతీయ పురస్కారం. ‘స్వదేస్’లోనూ, ‘చక్ దే ఇండియా’లోనూ చేసిన పాత్రలకు రానిది, ప్రపంచవ్యాప్తంగా వెయ్యి కోట్లు దాటి వసూలు చేసిన చిత్రంలోని తండ్రీకొడుకుల ద్విపాత్రాభినయానికి వచ్చిందంటే, ఆ గౌరవంలో పాత బాకీ కొంత కలిసే ఉందని ఎవరికైనా అనిపిస్తుంది. అలాగని ‘జవాన్’లో ఆయన చేసినది తక్కువేమీ కాదు. కెమెరా తనను చూస్తోందన్న ఎరుకతో నిలబడి, ఆ ఎరుకనే ప్రేక్షకుడికి ఆనందంగా మార్చడం ఒక విద్య. తండ్రి పాత్ర తెరమీదికి వచ్చినప్పుడల్లా ఆ విద్యను ఆయన ధారాళంగా చూపించాడు. అయితే అది తారకు ఉండే నేర్పు. నటుడికి ఉండవలసిన నేర్పుతో దానికి చుట్టరికం ఉంది కానీ రెండూ ఒకటి కావు.

విక్రాంత్ మాస్సే మన ప్రేక్షకులకు కొత్తవాడేమీ కాదు. ‘బాలికా వధు’ మన భాషలో ‘చిన్నారి పెళ్లికూతురు’గా ప్రసారమైన రోజుల్లో అందులో శ్యామ్‌గా కనిపించిన కుర్రవాడే ఇతను. ‘ట్వెల్త్ ఫెయిల్’లో చంబల్ ప్రాంతం నుంచి వచ్చి, ఢిల్లీలో పిండిమరలో పనిచేస్తూ, ఒళ్లంతా పిండి కప్పుకున్న స్థితిలోనే పుస్తకం ముందు కూర్చునే మనోజ్ కుమార్ శర్మగా అతను ఎక్కడా జాలి అడగలేదు. అధికారుల ముందు నిలబడినప్పుడు మొదట్లో భుజాలు లోపలికి ముడుచుకుని ఉండే మనిషి, కథ నడిచేకొద్దీ ఆ ముడుతను అంగుళం అంగుళంగా విప్పుకుంటూ వస్తాడు. కనుకనే సివిల్స్ పరీక్ష ఫలితం తెలిసిన క్షణంలో కుప్పకూలి ఏడ్చినప్పుడు ఆ ఏడుపు హఠాత్తుగా వచ్చినట్టు ఉండదు. రెండున్నర గంటలుగా బిగబట్టినది తెగినట్టు ఉంటుంది. ఒక్కరికే ఇవ్వమంటే నా ఓటు విక్రాంత్‌కే.

ప్రశ్న: ‘ఓపెన్‌హైమర్’లో కిలియన్ మర్ఫీ కళ్ళు పెద్దవి చేసి చూడటం తప్ప ఏం చేశాడని ఆస్కార్ ఇచ్చారు?

జవాబు: ఈ ప్రశ్న వేసినవారిని తప్పుపట్టను, ఎందుకంటే అణుబాంబు తయారీకి సారథ్యం వహించిన శాస్త్రవేత్త కథ అయిన ఆ చిత్రంలో మర్ఫీ చేసిన పనిలో సగం పైకి కనబడనిదే. క్రిస్టఫర్ నోలన్ చిత్రాల్లో అప్పటికే ఐదింటిలో చిన్నవీ, ఓ మోస్తరువీ అయిన వేషాలు వేసిన మర్ఫీకి ఆరో చిత్రంలో కానీ ప్రధాన పాత్ర దక్కలేదు. ఐర్లండ్‌లో పుట్టి ఉత్తమ నటుడి ఆస్కార్ అందుకున్న మొదటి వ్యక్తి కూడా ఆయనే.

మీరు ఇంకోసారి చూడవలసింది హిరోషిమా మీద బాంబు పడిన వార్త అందాక, బాంబు తయారుచేసిన లాస్ అలమోస్‌లో ఉద్యోగులంతా చేరిన హాలులో ఓపెన్‌హైమర్ ప్రసంగించే ఘట్టాన్ని. జనం బల్లల మీద నిలబడినంత హుషారుతో కాళ్ళు నేలకు తన్నుతూ ఉంటారు. అతను వాళ్ళు వినదలచుకున్న మాటలే చెబుతాడు, గెలుపు గురించి చెబుతాడు, జర్మనీ మీద కూడా వేయగలిగి ఉంటే బాగుండేదన్న ధోరణిలో మాట్లాడతాడు. ఆ మాటలు నోటినుంచి వస్తుండగానే చప్పట్ల మోత ఆగిపోయి, తెల్లని వెలుగు కమ్మి, ఎదురుగా ఉన్న అమ్మాయి ముఖచర్మం ఊడిపోతున్నట్టు అతనికి కనిపిస్తుంది. ఇక్కడ శబ్దం, వెలుతురు, కూర్పు అన్నీ దర్శకుడివే అనుకున్నా, ప్రసంగం ఆపకుండా, గొంతు తడబడనీయకుండా, ముఖం మాత్రం ఆ మాటలను నమ్మడం మానేసిన మనిషిలా ఉంచడం నటుడి పని. నోరు ఒక కథ, కళ్ళు ఇంకో కథ చెబుతున్నప్పుడు రెండింటిలో ఏది నిజమో ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కరలేకుండా తెలిసిపోతుంది.

అదే చిత్రంలో ఓపెన్‌హైమర్ ప్రత్యర్థి లూయిస్ స్ట్రాస్‌గా సహాయ నటుడి ఆస్కార్ తెచ్చుకున్న రాబర్ట్ డౌనీ జూనియర్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. ‘ఐరన్ మ్యాన్’గా ఏళ్ల తరబడి అలవాటైన చురుకు మాటలూ, కొంటెచూపులూ అన్నీ పక్కన పడేసి, అవమానాన్ని పదేళ్లపాటు లోపల పులియబెట్టుకున్న ఒక ప్రభుత్వోద్యోగిని చూపించాడు. మర్ఫీ దాచుకుంటే డౌనీ బయటపెట్టాడు. ఒకరు లేకుండా మరొకరి పని ఇంతగా రాణించేది కాదు.

ప్రశ్న: మేకప్‌తో ముఖం మార్చుకున్న నటులకే పేరు వస్తోంది. వేషం మార్పుకు మీరు ఎంత విలువ ఇస్తారు?

జవాబు: చాలా తక్కువ. ‘మాయెస్ట్రో’లో సంగీత నిర్దేశకుడు లెనార్డ్ బెర్న్‌స్టీన్ వేషానికి బ్రాడ్లీ కూపర్ పెట్టుకున్న ముక్కు మీద జరిగినంత చర్చ అతని నటన మీద జరగలేదు. ‘ది హోల్డోవర్స్’లో పాల్ జియామట్టి కూడా ఒక కంటికి లెన్సు పెట్టుకుని మెల్లకన్ను ఉపాధ్యాయుడిగా కనిపించాడు. అయితే అతని ఏ కంటిలోకి చూసి మాట్లాడాలో తెలియక ఎదుటివాళ్ళు పడే తికమకను అతను పాత్రకు ఆయుధంగా వాడుకున్నాడు. 1970 నాటి క్రిస్మస్ సెలవుల్లో, ఇంటికి వెళ్ళే దారిలేని విద్యార్థితో వసతి పాఠశాలలో చిక్కుబడిన ఆ ముక్కోపి పంతులు, తన పాండిత్యం వెనక దాక్కున్న ఒంటరితనాన్ని పొరపాటున బయటపెట్టిన ప్రతిసారీ వెంటనే ఓ లాటిన్ సామెత చెప్పి కప్పేసుకుంటాడు. లెన్సు లేకపోయినా ఆ పాత్ర నిలబడేది. లెన్సు ఉండీ ఆ సంకోచం లేకపోతే నిలబడేది కాదు.

మన దగ్గరే మలయాళ చిత్రం ‘పూక్కాలం’లో విజయరాఘవన్ నూరేళ్ల ముదుసలిగా చేశారు. ఎప్పుడో భార్యకు వచ్చిన ప్రేమలేఖ ఇన్నేళ్లకు కంటబడటంతో, ఆ వయసులో విడాకులు కావాలని పట్టుబట్టే తాత ఆయన. ముడతలు మేకప్‌వారు ఇచ్చినవే కానీ, మంకుపట్టులో పసితనం నటుడు తెచ్చుకున్నది.

ప్రశ్న: తెలుగులో 2023లో మీకు నచ్చిన నటులెవరు? అగ్ర కథానాయకుల పేర్లే చెప్పకండి.

జవాబు: అగ్ర కథానాయకుల పేర్లు వద్దన్నారు కానీ నాని పేరు చెప్పక తప్పదు. మార్చి 30న వచ్చిన ‘దసరా’లో బొగ్గుగనుల ప్రాంతంలోని వీర్లపల్లి ధరణిగా, ఒంటినిండా మసితో, మందు తాగితే కానీ ధైర్యం రాని కుర్రవాడిగా చేసిన మనిషే, డిసెంబరు 7న వచ్చిన ‘హాయ్ నాన్న’లో జబ్బుపడిన కూతురికి కథలు చెప్పే ఫొటోగ్రాఫర్ తండ్రిగా కనిపించాడు. ఎక్కువమంది ‘దసరా’ను మెచ్చుకున్నారు. యాస కోసం, రూపం కోసం అతను పడ్డ శ్రమ కంటికి కనిపిస్తుంది కనుక అది సహజమే. ఆ శ్రమ వృథా కాలేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ చివరికి వచ్చేసరికి ధరణి తప్పుకుని కథానాయకుడు కత్తి పట్టుకున్నాడు. నటుడిగా నాని ఎక్కువ కష్టమైన పని చేసింది ‘హాయ్ నాన్న’లోనే. ఎదుటి మనిషికి తెలియని సంగతి తనకు తెలిసి ఉండి, దాన్ని చెప్పకుండా, చెప్పడం లేదన్న అనుమానం కూడా రానీయకుండా, ఆమె మాటలు వింటూ కూర్చోవాలి. చూసినవారికి ఏ సంగతో గుర్తుండే ఉంటుంది. చూడనివారికి నేను చెప్పడం భావ్యం కాదు. చిత్రం పూర్తయ్యాక మొదటి భాగాన్ని మళ్ళీ చూస్తే, అతను ఎన్ని చోట్ల చూపు తిప్పుకున్నాడో అప్పుడు కనిపిస్తుంది.

ఇక ‘బలగం’. ఇందులో ప్రియదర్శి చేసిన సాయిలు మంచివాడు కాదు, చెడ్డవాడూ కాదు. అప్పుల్లో ఉన్నాడు, పెళ్ళితో వచ్చే కట్నం మీద ఆశపెట్టుకున్నాడు, సరిగ్గా అప్పుడే తాత పోయాడు. శవం ముందు కూర్చుని కూడా తన లెక్కలు తను వేసుకునే కుర్రవాడిని చూసి ప్రేక్షకుడు నవ్వాలి, కాసేపటికి ఆ నవ్వినందుకు సిగ్గుపడాలి, ఇంకాసేపటికి అతనితో కలిసి ఏడవాలి. ఈ మూడింటినీ ప్రియదర్శి ఒకే ముఖంతో, పెద్దగా గొంతు పెంచకుండా నడిపించాడు. పిండం పెడితే కాకి ముట్టదు. ఊరు నిలదీస్తుంది. తాత కొమురయ్యగా వేసిన కేతిరి సుధాకర్ రెడ్డి కనిపించేది కొద్దిసేపే అయినా, ఆ కొద్దిసేపట్లో ఇంటింటినీ పలకరించుకుంటూ తిరిగిన తీరు వల్లనే ఆయన లేని లోటు చిత్రమంతా నిలిచింది. పతాక సన్నివేశంలో ఆ కుటుంబం చేసేదల్లా పాట వినడం. కూర్చుని వినడం ఎంత కష్టమైన అభినయమో తెలుసుకోవాలంటే, అక్కడ పాడేవారిని కాక వినేవారిని ఒక్కొక్కరినీ విడివిడిగా గమనించండి.

‘రంగమార్తాండ’లో ప్రధాన పాత్ర ప్రకాశ్ రాజ్‌దే అయినా, అందరూ మాట్లాడుకున్నది బ్రహ్మానందం గురించి. వెయ్యికి పైగా చిత్రాల్లో నవ్వించిన మనిషి ఏడిపించాడని చాలామంది ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. ఏ మాటకు ముందు ఎంతసేపు ఆగాలో, ఏ మాటను మింగేయాలో నలభై ఏళ్లుగా కొలతవేసినట్టు తెలిసిన నటుడు ఆయన. ఆసుపత్రి ఘట్టంలో ఆయన వాడినవీ ఆ విరామాలే, కాకపోతే అవతలి ఒడ్డున నవ్వుకు బదులు దుఃఖం ఉంది. మన దర్శకులు ఆయనకు ఇటువంటి పాత్రలు పదేళ్ల ముందే రాసి ఉండవలసింది.

ప్రశ్న: సిరీస్‌లో పది గంటల నిడివి ఉంటుంది కనుక అందులో నటించడం సినిమా కంటే తేలిక కాదా?

జవాబు: నిడివి ఎక్కువైతే దాక్కునే చోట్లు తగ్గుతాయి కానీ పెరగవు. 2023 మార్చి 26న మొదలై మే 28న ముగిసిన ‘సక్సెషన్’ నాలుగో భాగాన్నే తీసుకోండి. మీడియా సామ్రాజ్యాధిపతి లోగన్ రాయ్‌గా మూడు భాగాలపాటు కథను శాసించిన బ్రయన్ కాక్స్ పాత్రను ఆ చివరి భాగపు మూడో ఎపిసోడ్‌లోనే చంపేశారు, అదీ మనకు చూపించకుండా. తండ్రి విమానంలో ఉన్నాడు, పిల్లలు అన్న పెళ్ళికని ఓడలో ఉన్నారు. అల్లుడు టామ్ ఫోన్ చేసి, చెవి దగ్గర పెడుతున్నాను, ఏమైనా చెప్పదలచుకుంటే చెప్పండి అంటాడు. అవతల మనిషి వింటున్నాడో లేడో, అసలు ప్రాణంతో ఉన్నాడో లేడో తెలియకుండా ఒక్కొక్కరూ ఫోన్ అందుకుని మాట్లాడాలి. ఈ ఘట్టాన్ని ఫిల్ము మీద తీస్తున్నారు కనుక మామూలుగా పది నిమిషాలకొకసారి రీలు మార్చడానికి ఆగాలి. దర్శకుడు మార్క్ మైలాడ్ అదనపు కెమెరాలు సిద్ధంగా ఉంచి, దాదాపు అరగంట ఆపకుండా నటులను నడిపించిన ఒక టేకు కూడా తీశాడు. రంగస్థలం మీద చేసినట్టే చేయవలసి వచ్చింది.

అందులో కీరన్ కల్కిన్ వేసిన రోమన్, పుట్టినప్పటినుంచీ వెటకారాన్నే కవచంగా తొడుక్కున్నవాడు. ఫోన్‌లో తండ్రితో మాట్లాడేటప్పుడు ఆ కవచం సగం జారుతుంది. తొమ్మిదో ఎపిసోడ్‌లో అంత్యక్రియల వేళ ప్రసంగించడానికి లేచినప్పుడు పూర్తిగా ఊడిపోతుంది. రాసుకున్న చీటీలు చేతిలో ఉన్నాయి, పెద్దమనుషులందరూ ఎదురుగా ఉన్నారు, శవపేటిక పక్కనే ఉంది. నాన్న ఇందులో ఉన్నాడా, బయటికి తీయగలమా అని చిన్నపిల్లవాడిలా అడుగుతాడు. అంతకుముందు ముప్పై ఏడు ఎపిసోడ్ల పాటు ఆ పాత్రతో కలిసి నవ్వినవాళ్ళకు మాత్రమే ఆ ప్రశ్న తగలవలసినంత లోతుగా తగులుతుంది. నిడివి ఇచ్చే లాభం ఇదొక్కటే. దాన్ని అందుకోవడానికి నటుడు ఏళ్ల తరబడి ఒకే మనిషిగా, తేడా రాకుండా ఉండాలి. 2024 జనవరి 15న జరిగిన ఎమ్మీల్లో ప్రధాన నటుడిగా కల్కిన్‌కూ, సహాయ నటుడిగా టామ్ వేసిన మాథ్యూ మక్‌ఫాడియన్‌కూ బహుమతులు వచ్చాయి.

దీనికి తలకిందులైన ఉదాహరణ ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ మూడో ఎపిసోడ్. ప్రపంచం కూలిపోయాక ఒంటరిగా బతుకుతున్న బిల్‌గా, హాస్యపాత్రలకు పేరుపడిన నిక్ ఆఫర్‌మన్ ఆ ఒక్క ఎపిసోడ్‌లోనే వచ్చి, పదహారేళ్ల సహజీవనాన్ని చూపించి వెళ్ళిపోయాడు. అతనికి అతిథి నటుడి ఎమ్మీ వచ్చింది. ‘బీఫ్’లో స్టీవెన్ యూన్ అప్పుల్లో మునిగిన పనివాడిగా చర్చిలో పాట వింటూ వెక్కివెక్కి ఏడ్చే ఘట్టం కూడా ఆ ఏడాదిదే. నవ్వుతో మొదలైన కథలో ఏడుపు ఎక్కడ దూరిందో తెలియనంత నిజాయితీగా చేశాడు.

ప్రశ్న: ప్రధాన నటుడు, సహాయ నటుడు అనే విభజన ఎవరు, ఎలా చేస్తారు?

జవాబు: అమెరికాలో దరఖాస్తు చేసేవారి వ్యూహమే దాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. కీరన్ కల్కిన్ పేరే అంతకుముందు సహాయ నటుల జాబితాలో ఉండేది. చివరి భాగానికి ప్రధాన నటుల పోటీలోకి మార్చారు, గెలిచాడు. మన దగ్గర జ్యూరీ ఇష్టం. పైన చెప్పిన విజయరాఘవన్‌కు ‘పూక్కాలం’లోనూ, కారు నిలిపే చోటు కోసం ఇరుగుపొరుగు కొట్టుకునే తమిళ చిత్రం ‘పార్కింగ్’లో ఎం.ఎస్. భాస్కర్‌కూ జాతీయ సహాయ నటుడి పురస్కారమే ఇచ్చారు. ఒకాయన తన చిత్రానికి కేంద్రం, ఇంకొకాయన తన చిత్రంలో సరిగ్గా సగం. వయసు మీరిన నటుడు అనగానే సహాయ విభాగంలో కూర్చోబెట్టే అలవాటు తప్ప దీనికి ఇంకో కారణం నాకు కనిపించలేదు.

ప్రశ్న: డెబ్బై ఏళ్లు దాటిన మమ్ముట్టి ఆ ఏడాది చేసిన చిత్రాల గురించి మీ అభిప్రాయం?

జవాబు: 2023లో ఏ భాషలోనైనా, ఏ దేశంలోనైనా ఒక నటుడు ఒకే ఏడాదిలో చూపిన విస్తృతికి బహుమతి ఇచ్చే పద్ధతి ఉంటే, నేను మమ్ముట్టి పేరే రాస్తాను. జనవరిలో ‘నన్‌పకల్ నేరత్తు మయక్కం’ వచ్చింది. వేళాంకణ్ణి నుంచి బృందంతో తిరిగివస్తున్న మలయాళీ జేమ్స్ దారిలో బస్సు ఆపించి, ఒక తమిళ పల్లెలోకి నడిచిపోయి, కనబడకుండాపోయిన సుందరం అనే మనిషిగా ఆ ఇంట్లో మసలడం మొదలుపెడతాడు. ఎందుకో చిత్రం చెప్పదు. జేమ్స్ చిరచిరలాడే పిసినారి, సుందరం ఊరందరితో కలిసిపోయే మనిషి. భాష మారింది, నడక మారింది, తువ్వాలు భుజాన వేసుకునే తీరూ మారింది, కానీ ఎక్కడా ‘చూడండి, ఎలా మారిపోయానో’ అన్న ధ్వని లేదు. సెప్టెంబరులో ‘కన్నూర్ స్క్వాడ్’లో దొంగలను వెతుక్కుంటూ దేశమంతా తిరిగే, అలసిపోయిన చిన్న పోలీసు అధికారి.

నవంబరులో ‘కాథల్’. ఉప ఎన్నికలో అభ్యర్థిగా నిలబడిన మాథ్యూ దేవస్సి మీద, అతను స్వలింగ సంపర్కుడన్న కారణం చూపి భార్య విడాకులు కోరుతుంది. ఊరిలో ఉన్న తంకన్‌తో అతని అనుబంధాన్ని కథ చెబుతుంది కానీ, వాళ్ళిద్దరినీ దాదాపు మాట్లాడుకోనివ్వదు. అయిదు దశాబ్దాల తారాస్థాయి ఉన్న నటుడు, తన సొంత సంస్థ నిర్మించిన చిత్రంలో, తల దించుకుని నిలబడే పాత్రను ఎంచుకున్నాడు. అంతకన్నా పెద్ద సంగతి ఆ పాత్రను వీరుడిగా మార్చే ప్రయత్నం చేయకపోవడం. మాథ్యూ పిరికివాడు, భార్య జీవితాన్ని ఏళ్ల తరబడి నష్టపరచినవాడు. ఆ సంగతి తనకు తెలుసునన్న బరువుతోనే మమ్ముట్టి ప్రతి గదిలోకీ అడుగుపెడతాడు. కోర్టులో భార్యగా వేసిన జ్యోతిక మాట్లాడుతున్నప్పుడు ఆయన ముఖం చూడండి. కేరళ ప్రభుత్వం ‘కాథల్’ను ఆ ఏటి ఉత్తమ చిత్రంగా ఎంచింది, ఉత్తమ నటుడి పురస్కారం మాత్రం ‘ఆడుజీవితం’కు పృథ్వీరాజ్‌కు దక్కింది. పృథ్వీరాజ్ ఒంటిని కరిగించి చేసిన కృషికి ఎవరైనా నమస్కరించాల్సిందే. నేనైతే మాథ్యూకే ఇచ్చి ఉండేవాణ్ణి.

ప్రశ్న: బాగా చేసి కూడా ఆస్కార్ నామినేషన్ రానివారు ఎవరైనా ఉన్నారా?

జవాబు: చాలామంది. ఇద్దరి గురించి చెబుతాను. ‘ఆల్ ఆఫ్ అస్ స్ట్రేంజర్స్’లో ఆండ్రూ స్కాట్, చిన్నప్పుడే కారు ప్రమాదంలో పోయిన తల్లిదండ్రులను అప్పటి వయసులోనే మళ్ళీ కలుసుకునే రచయిత. తండ్రిగా వేసిన జేమీ బెల్ వయసులో స్కాట్ కంటే చిన్నవాడు. నువ్వు గదిలో ఏడుస్తున్నప్పుడు నేను లోపలికి రాలేదు, క్షమించు అని ఆ తండ్రి అంటాడు. నలభై దాటిన స్కాట్ ముఖంలో ఒక్కసారిగా బడిపిల్లవాడు బయటికి వస్తాడు, ఏ మేకప్పూ లేకుండా. ఇక జపాన్ నటుడు కోజి యకుషో. ‘పర్ఫెక్ట్ డేస్’లో టోక్యో మరుగుదొడ్లు శుభ్రం చేసే హిరయామా పాత్రకు 2023 కాన్ ఉత్సవంలో ఉత్తమ నటుడయ్యాడు. చిత్రమంతా అతను మాట్లాడేది వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బండి నడుపుతూ పాట వింటున్న అతని ముఖం మీద చివరి షాట్‌ను చాలాసేపు నిలిపారు. నవ్వు ఏడుపవుతుంది, ఏడుపు మళ్ళీ నవ్వవుతుంది, రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో పట్టుకోలేము. ఆ ఒక్క షాట్ చాలు అని కాన్ జ్యూరీ అనుకుని ఉంటే నేను ఆశ్చర్యపోను.

ప్రశ్న: హాలీవుడ్ నటుల సమ్మె ప్రభావం ఆ ఏటి నటన మీద పడిందా?

జవాబు: నటన మీద కాదు, ప్రచారం మీద పడింది. జూలై 14 నుంచి నవంబరు 9 వరకు 118 రోజులు సమ్మె సాగింది. స్ట్రీమింగ్ ప్రసారాల రాబడిలో వాటా, నటుల డిజిటల్ ప్రతిరూపాలను అనుమతి లేకుండా వాడకుండా రక్షణ వారి డిమాండ్లలో ముఖ్యమైనవి. సమ్మె ప్రకటన రానున్నందున ‘ఓపెన్‌హైమర్’ నటులు లండన్ ప్రదర్శన మొదలుకాకముందే వెళ్ళిపోయారు. ఆ నాలుగు నెలలూ నటులు ఇంటర్వ్యూల్లో తమ కష్టాలు చెప్పుకునే వీలు లేకపోయింది. ఎన్ని కిలోలు తగ్గారో, ఎన్ని నెలలు సాధన చేశారో వినకుండా, తెర మీద ఉన్నదాన్ని మాత్రమే చూసే అవకాశం మనకు దొరికింది. ఒక ప్రేక్షకుడిగా నేను దాన్ని నష్టం అనుకోలేదు.

ప్రశ్న: వెబ్ సిరీస్‌లలో మనవాళ్ళు ఎలా చేశారు?

జవాబు: ‘దూత’లో నాగచైతన్య జర్నలిస్టు సాగర్‌గా, అంతకుముందు పాత్రల్లో లేని కరుకుదనాన్ని ప్రయత్నించి మెప్పించాడు. ‘సేవ్ ది టైగర్స్’లో ప్రియదర్శి, అభినవ్ గోమఠం, చైతన్య కృష్ణ ముగ్గురూ ఒకరి జోకును ఒకరు లాక్కోకుండా ఆడారు, హాస్యంలో అది అరుదు. హిందీలో ‘దహాడ్’లో విజయ్ వర్మ మర్యాదస్తుడైన అధ్యాపకుడిగా భయపెట్టాడు. అన్నిటికన్నా పైన పంజాబ్ నేపథ్యంలోని ‘కోహ్రా’లో పోలీసు అధికారి బల్బీర్ సింగ్‌గా సువిందర్ విక్కీని పెడతాను. హత్యకేసు ఛేదించే మనిషి తన కూతురి ముందు ముద్దాయిలా కూర్చునే ఘట్టాల్లో అతని కళ్ళకింది బరువు చూస్తే, ఇన్నాళ్లూ ఈ నటుడు ఎక్కడున్నాడు అనిపిస్తుంది.

ప్రశ్న: ఇవన్నీ తెలుగు డబ్బింగ్‌లో చూడవచ్చా?

జవాబు: కథ కోసమైతే నిరభ్యంతరంగా చూడవచ్చు. నటన కోసమైతే వద్దు. నటనలో సగం గొంతే. మమ్ముట్టి ‘యాత్ర’లో తన పాత్రకు తానే తెలుగులో చెప్పుకున్నారు కనుక, ఉచ్చారణలో చిన్న తేడాలున్నా ఆ మనిషి పూర్తిగా మనకు దక్కాడు. ‘నన్‌పకల్’లో మలయాళం నుంచి తమిళంలోకి జరిగే మార్పే పాత్రకు ప్రాణం కాగా, డబ్బింగ్‌లో రెండూ ఒకే భాష అయిపోతే మిగిలేది ఏముంది? మొదటిసారి సబ్‌టైటిల్స్ పెట్టుకుని కథ అర్థం చేసుకోండి. రెండోసారి, నచ్చిన ఒకటి రెండు ఘట్టాలను సబ్‌టైటిల్స్ తీసేసి చూడండి. అక్షరాల మీదికి పోయే చూపు ముఖాల మీదికి వస్తుంది. ‘సక్సెషన్’ ఒక్కటి మాత్రం దీనికి మినహాయింపు. అందులో ఇంగ్లీషు ఎంత వేగంగా, ఎన్ని బూతులతో నడుస్తుందంటే, ఆ భాష బాగా వచ్చినవారు కూడా సబ్‌టైటిల్స్ ఉంచుకోవడమే మేలు, పిల్లలు ఇంట్లో లేనప్పుడు చూడటం మరీ మేలు.